దేవరకొండ, డిండి, మన్ననూరు మూలమలుపుల్లో స్పోర్ట్స్ కారు: వేగం, గేరు, లైను, ముందు చూసుకోవాల్సినవి

నల్లగొండ నుంచి వచ్చిన ప్రశ్న సారం ఇది. ఇన్నాళ్లూ ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్ నడిపి, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ తీసుకున్నారు. ఆదివారాలు తెల్లారుజామున కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాకా, వీలైతే శ్రీశైలం డ్యాం దాకా పోయి రావాలని ఉంది. మూలమలుపుల్లో ఏ వేగం, ఏ లైను (రోడ్డు మీద కారును ఏ పక్కగా తిప్పాలన్నది) పట్టాలి, బయలుదేరే ముందు కారులో ఏం చూసుకోవాలి, కారు సత్తా పూర్తిగా ఎక్కడ చూడొచ్చు అని అడిగారు.

వేగం సంగతి మొదట. మన రోడ్ల మీద మలుపులో ఎంత వేగం అన్నది కారు శక్తిని బట్టి తేలదు, ఎంత దూరం కనిపిస్తున్నదో దాన్ని బట్టి తేలుతుంది. కనిపించిన రోడ్డులోపలే ఆగగలగాలి. రెండు బండ్లు ఒరుసుకుంటూ తప్పుకునే సింగిల్ రోడ్డు అయితే కనిపించిన దాంట్లో సగంలోపలే ఆగగలగాలి, ఎందుకంటే మిగతా సగం ఎదుటివాడు ఆగడానికి కావాలి.

లెక్క చూడండి. ప్రమాదం కంటపడి కాలు బ్రేక్ మీద పడే సరికి ఒకటిన్నర సెకను పోతుంది. పొడి తారు మీద గట్టిగా బ్రేక్ వేస్తే 0.7 జీ వస్తుందనుకుందాం (జీ అంటే భూమి ఆకర్షణతో పోల్చి చెప్పే లెక్క, 1 జీ దానితో సమానం). గంటకు 60 కి.మీ. వేగంలో ఆ ఒకటిన్నర సెకనుకు 25 మీటర్లు, బ్రేక్ పడ్డాక 20 మీటర్లు, మొత్తం 45 మీటర్లు. 80లో సుమారు 70 మీటర్లు. 100లో 98 మీటర్లు. అదే రోడ్డు మీద పలచగా మొరం దుమ్ము ఉంటే పట్టు 0.4 జీకి పడిపోయి, 60లోనే 60 మీటర్లు, 80లో 96 మీటర్లు కావాలి. పొదల చాటున తిరిగే గుడ్డి మలుపులో మీకు కనిపించేది చాలాసార్లు 40, 50 మీటర్లే. అక్కడ కారు 80లో సునాయాసంగా తిరుగుతుంది, కానీ మలుపు అవతల బర్రె అడ్డం నిలబడి ఉంటే ఆగదు. రెండు వరుసల మామూలు రోడ్ల మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ట వేగం 70 అన్నది కూడా గుర్తుంచుకోండి. బోర్డు అంతకన్నా తక్కువ చెబితే బోర్డుదే మాట.

ఎంత కనిపిస్తున్నదో పోతూ పోతూ అంచనా కట్టడానికి ఒక పద్ధతి ఉంది. రోడ్డు ఎడమ అంచు, కుడి అంచు దూరంగా ఒకచోట కలిసినట్టు కనబడతాయి. చూపు ఆ చోటి మీదే పెట్టండి. అది మీ వైపు దగ్గరవుతుంటే మలుపు బిగుసుకుంటున్నట్టు, అప్పటికప్పుడు వేగం తగ్గించాలి. మీతో సమానంగా కదులుతుంటే ఉన్న వేగం సరిపోయింది. దూరం జరుగుతుంటే మలుపు విచ్చుకుంటున్నది, యాక్సిలరేటర్ మెల్లగా ఇవ్వొచ్చు. కరెంటు స్తంభాల వరుసను, చెట్ల వరుసను చూసి రోడ్డు ఎటు పోతుందో ఊహించకండి. చేన్లకు అడ్డంగా స్తంభాలు నేరుగా పోతాయి, రోడ్డు మాత్రం చెరువు కట్ట దగ్గర పక్కకు తిరుగుతుంది.

ఇప్పుడు మలుపు లోపలి సంగతి. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 50 కి.మీ.తో తిరిగితే టైర్ల మీద పక్కకు పడే లాగుడు 0.39 జీ. 60తో 0.57. 70తో 0.77. వేగం 50 నుంచి 70కి పెరిగితే అవసరమైన పట్టు దాదాపు రెట్టింపైంది. శుభ్రమైన తారు మీద మంచి టైర్లకు 0.9 దాకా ఉంటుంది కాబట్టి 70లో కూడా కారు ఏమీ అననట్టే ఉంటుంది. అంతలో మలుపు నడుమ ట్రాక్టర్ చక్రాలకు అంటుకొని వచ్చిన మట్టి తగిలితే ఉన్న పట్టు 0.5కు దిగుతుంది, కారు జారుతుంది. అందుకే ఈ రోడ్ల మీద ఎప్పుడూ టైర్ల సత్తాలో సగమే వాడాలని నా గట్టి అభిప్రాయం. ఆ సగంలో కూడా మలుపు తర్వాత మలుపు ఒకే ఊపులో, కుదుపు లేకుండా నడపడంలో ఈ కారు ఇచ్చే ఆనందం తక్కువేమీ కాదు.

టైరు పట్టు ఒక్కటే. ఆపడానికి వాడింది తిప్పడానికి మిగలదు. అందుకని పని వరుస ఇట్లా ఉండాలి: మలుపు రాకముందే, స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి కావలసిన వేగానికి తేవాలి. గేరు కూడా అక్కడే మార్చాలి. బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాలి. మలుపు నడుమ యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా, వేగం పెరగకుండా తరగకుండా ఆనించి ఉంచాలి. రోడ్డు విచ్చుకొని స్టీరింగ్ తిరిగి నిటారవుతుంటే, అది ఎంత విప్పుతారో యాక్సిలరేటర్ అంతే పెంచాలి.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ అలవాటు మీకు ఇబ్బంది తెచ్చేది ఇక్కడే. ఆ కారులో వేగం ఎక్కువైతే ముందు చక్రాలు బయటికి తోసుకుపోతాయి, కాలు తీస్తే మళ్లీ దారిలోకి వస్తుంది. జెడ్4 ఎం40ఐలో మూడు లీటర్ల టర్బో సిక్స్ సిలిండర్ ఇంజన్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంతా వెనక చక్రాలకే. మలుపు నడుమ భయపడి యాక్సిలరేటర్ టక్కున వదిలేస్తే బరువు ముందుకు పడి వెనక తేలికవుతుంది, తోక పక్కకు వస్తుంది. అట్లాగే స్టీరింగ్ తిరిగి ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే టర్బో టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) కొంచెం ఆలస్యంగా, ఒక్కసారిగా దిగి వెనక టైర్లను తిప్పేస్తుంది. రెండింటికీ మందు ఒకటే, కాలు మెల్లగా కదలాలి. డీఎస్‌సీ (కారు జారకుండా తనంతట తానే సర్దే వ్యవస్థ) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఆ బటన్ ఒక్కసారి నొక్కి స్పోర్టీగా పెట్టుకునే అవకాశం కారులో ఉన్నా పబ్లిక్ రోడ్డు మీద దాని జోలికి పోవద్దు.

వేగం ఎక్కువై మలుపులోకి వచ్చేశామని తెలిస్తే ఏం చేయాలి? ముందు చక్రాలు తోసుకుపోతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పడం వల్ల లాభం లేదు. కొంచెం విప్పి, కాలు నెమ్మదిగా తీసి, పట్టు దొరికాక మళ్లీ తిప్పాలి. తోక జారితే చూపు పోవలసిన దిక్కున పెట్టి స్టీరింగ్ అటే తిప్పండి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి, మిగతాది డీఎస్‌సీ చూసుకుంటుంది. ఎదురుగా ఖాళీ ఉండి ఇంకా తిన్నటి దారి మిగిలితే స్టీరింగ్ కొంచెం నిటారు చేసి గట్టిగా బ్రేక్ వేసి, వేగం దిగాక మళ్లీ తిప్పడం అన్నిటికన్నా నమ్మకమైనది. చూపు గుంతలో, చెట్టు మీద ఆగిపోతే చేతులు కూడా అటే పోతాయి. ఇదంతా ఖాళీ స్థలంలో 30, 40 వేగంలో సాధన చేస్తే తప్ప అవసరానికి చేతికి రాదు.

లైను గురించి. వీడియోల్లో చూసే లైను రేస్ ట్రాక్‌ది. అక్కడ ఎదురు బండి రాదు. మన రోడ్డు మీద మీ సగం దాటి ఒక్క చక్రం కూడా అవతలికి పోకూడదు. ఆ సగంలోపలే కొంచెం సర్దుకోవచ్చు. కుడి మలుపు వచ్చేటప్పుడు ఎడమ అంచుకు జరిగితే ఎక్కువ దూరం కనబడుతుంది, కానీ ఆ అంచున మొరం, కంకర పొడి ఉంటాయి, తారు అంచు తెగి అరడుగు లోతు దిగిన చోట్లు ఉంటాయి. గోడ పొట్టిగా ఉండే 35 సిరీస్ టైరు అందులో పడితే రిమ్ము వంగుతుంది. అంచు నుంచి కనీసం అర మీటరు వదలండి. ఎడమ మలుపులో నడిమి గీత వైపు జరిగితే చూపు పెరుగుతుంది. అయితే అదే మలుపు ఎదుటి బండికి కుడి మలుపు, ఆర్టీసీ బస్సులు, లారీలు దాన్ని కోసుకుంటూ మీ వైపుకే వస్తాయి. గుడ్డి మలుపు మధ్యకు చేరేసరికి గీతకు దూరంగా ఉండాలి.

హెయిర్‌పిన్‌లలో, అంటే దాదాపు వెనక్కి తిరిగే బిగుతు మలుపుల్లో, లెక్క వేరు. 15 మీటర్ల వ్యాసార్థం మలుపును 0.5 జీతో తిరిగినా 31 కి.మీ. దాటదు. ఎక్కేటప్పుడు రెండో గేరు, పాడిల్‌తో (స్టీరింగ్ వెనక గేరు మార్చే మీటతో) పట్టుకొని ఉంచాలి, ఆటోమేటిక్‌కు వదిలితే మలుపు నడుమ గేరు మార్చి కారును కుదుపుతుంది. మలుపు లోపలి అంచు నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి మీ సగంలో బయటి వైపు నుంచే తిరగండి, లేకపోతే ముందు బంపర్ కింది అంచు రాసుకుంటుంది. మలుపుకు ముందు హారన్ కొట్టి, అద్దం కొంచెం దించి ఎదుటి హారన్ వినండి. రెండు బండ్లకు చోటు చాలని కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది రూలు.

దిగేటప్పుడు బ్రేకులు ఉడికిపోతాయి. ఈగలపెంట దాటి డ్యాం దాకా దిగే ఘాట్‌లో కారును మాన్యువల్‌లో పెట్టి రెండో గేరో మూడో గేరో పట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినా వాలులో వేగం పెరగకపోతే ఆ గేరు సరిపోయినట్టు. పెరుగుతుంటే ఇంకొకటి తగ్గించాలి. బ్రేక్ మీద కాలు ఆనించి పెట్టి దిగొద్దు. గట్టిగా నొక్కి 10, 15 కి.మీ. తగ్గించి, పూర్తిగా వదిలేయండి, గాలి తగిలి డిస్కు చల్లారే సమయం దొరుకుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడల్ మామూలుకన్నా లోతుగా దిగినా అక్కడితో జోరు ఆపేయాలి. పెడల్ లోతుగా దిగిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. వాసన వచ్చి పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి. రెండు సందర్భాల్లోనూ తక్కువ గేరులో నిదానంగా పోయి, దగ్గరలో దొరికిన సమతలంలో ఆపి చల్లార్చండి.

బయలుదేరే ముందు చూసుకోవాల్సిన వాటిలో అందుకే బ్రేక్ ఆయిల్‌ను మొదట పెడతాను. సెకండ్ హ్యాండ్ కారులో అది ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చేయండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. రెండేళ్లకొకసారి మార్చడం అందుకే. బ్రేక్ ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే ఘాట్‌కు పోవద్దు.

టైర్ల పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లకు టైరు మీది గీతలు నిండు లోతుతో ఉండి రబ్బరు గట్టిపడి ఉంటుంది, చూపుకు కొత్తవే అనిపిస్తాయి. ఆరేళ్లు దాటితే గీత ఎంత ఉన్నా ఘాట్ రోడ్లకు నేను ఒప్పుకోను. చట్టం ప్రకారం 1.6 మి.మీ. గీత చాలు గానీ వానాకాలానికి 3 మి.మీ. కావాలి. గాలి తెల్లారుజామున, కారు కదలకముందు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత పట్టాలి. వాతావరణం 10 డిగ్రీలు మారితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ దాకా మారుతుంది, నడిచాక ఇంకో 4, 5 పీఎస్‌ఐ పెరగడం మామూలే. పెరిగిందని మధ్యాహ్నం తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది. మన ఎండకు ముందుగానే తగ్గించి పట్టాలనే మాట పంక్చర్ దుకాణాల్లో వింటారు, పట్టించుకోవద్దు. గాలి తగ్గితే టైరు గోడ ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది.

ఈ కారులో స్టెప్నీ ఉండదు. పల్లెటూరి దుకాణంలో 19 అంగుళాల లోప్రొఫైల్ టైరు విప్పే మిషను దొరకడం కష్టం. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, 12 వోల్టుల గాలి పంపు, వీల్ బోల్టుల లాక్ కీ, టార్చ్, ముందు బంపర్‌కు తగిలించే టోయింగ్ హుక్ డిక్కీలో ఉన్నాయో లేదో చూడండి. బండి ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తం పైకెక్కే చదునైన లారీ) మీదే ఎక్కించాలి, వెనక చక్రాలు నేల మీద తిరుగుతుండగా ముందు లేపి లాగితే గేర్‌బాక్స్ పాడవుతుంది. మన్ననూరు దాటితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎప్పటికి తిరిగివస్తారో ఇంట్లో చెప్పి పోవాలి.

స్పీడ్ బ్రేకర్లు. ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్ల మొదట్లో వేసినవి పొట్టిగా, నిట్టనిలువుగా ఉంటాయి, మీ కారు పొట్ట నడుమ తగులుతుంది. పూర్తిగా ఆగి, ఎదురు బండి లేదని చూసి, ఏటవాలుగా ఒక్కొక్క చక్రం ఎక్కించండి. బ్రేక్ పట్టి ఎక్కిస్తే ముందు భాగం ఇంకా కిందికి వంగుతుంది, ఎక్కే క్షణంలో బ్రేక్ వదలాలి.

రోడ్డు మీద కాలాన్ని బట్టి మారే సంగతులు ఇంతకన్నా ముఖ్యం. వానాకాలం కోతలప్పుడు అక్టోబర్ నుంచి, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్ నుంచి హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ వైపు రోడ్డులో సగం వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పెట్టి రాత్రిపూట నల్ల కవరు కప్పుతారు, లైట్ల వెలుగులో ఆ నల్లకుప్ప దగ్గరికి వచ్చేదాకా కనబడదు. చెదిరిన గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి, వాటి మీద బ్రేక్ వేస్తే ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) టకటక కొట్టుకుంటుందే తప్ప కారు ఆగదు. నూర్పిడికి రోడ్డు మీద పరిచిన గడ్డి, కంది కట్టె మీదుగా మాత్రం ఈ కారు పోనివ్వొద్దు. పొట్ట నేలకు దగ్గర కాబట్టి గడ్డి సైలెన్సర్ చుట్టూ, డ్రైవ్ షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే డబ్బా) వేడికి అంటుకుంటుంది. తప్పనిసరై పోతే దాటగానే శుభ్రమైన చోట ఆపి కిందికి వంగి చూసి, ఉన్నదంతా లాగేయండి. ఘాట్ దిగి వచ్చాక ఎండుగడ్డి మీద పార్క్ చేయకపోవడానికి కారణం కూడా ఇదే.

ఎండాకాలం మధ్యాహ్నం తారు కరిగి నల్లగా మెరిసే చోట్లు వస్తాయి, అక్కడ పట్టు తక్కువ. తొలకరి మొదటి అరగంట అన్నిటికన్నా చెడ్డది, ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము నీళ్లతో కలిసి పైకి తేలుతాయి. మీ వెనక టైరు వెడల్పు ఎక్కువ కాబట్టి నిలిచిన నీళ్ల మీద మామూలు కారుకన్నా ముందే తేలిపోతుంది. వాగు మీద కల్వర్టు నీళ్లలో మునిగి ఉంటే అడుగు కనిపించినా దిగొద్దు. చలికాలం తెల్లారి డిండి చెరువు పక్కన, సాగర్ ఆయకట్టు పొలాల పక్కన మంచు పరుచుకుంటుంది. అట్లాంటి రోజు ఎండ పొడిచాకే బయలుదేరండి.

గొర్ల మంద ఎదురైతే పూర్తిగా ఆగండి. హారన్ కొడితే మంద రెండుగా చీలి, సగం అవతల పడి, మళ్లీ కలవడానికి మీ బంపర్ ముందుకే ఉరుకుతుంది. కాపరి దారి చేస్తాడు. ట్రాక్టర్ ట్రాలీలకు వెనక లైట్లు ఉండవని అనుకొనే నడపాలి.

రోడ్లలో ఏది మంచిది అంటే, కొండమల్లేపల్లి నుంచి దేవరకొండ, డిండి వరకు మీకు మొదటి నెలలకు సరిపోతుంది. చందంపేట, నేరెడుగొమ్ము వైపు గుట్టల నడుమ రోడ్లు అందంగా ఉంటాయి గానీ ఇరుకు, సాగర్ బ్యాక్‌వాటర్ చూడటానికి నెమ్మదిగా పోయిరండి. సాగర్ ఎడమ కాల్వ కట్ట రోడ్లకు పక్క గోడలుండవు, అటు వద్దు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, హాలియా మీదుగా పోయే హైవేలో తిన్నటి దారి ఎక్కువ, లారీలు ఎక్కువ, మీరు కోరేది అక్కడ లేదు.

హాజీపూర్ దాటి మన్ననూరు ఎక్కే ఘాట్ బాగుంటుంది. ఆ పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ మాత్రం వేగం ఆలోచనే వద్దు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీ చెక్‌పోస్టులు మూసి ఉంటాయి. 6కు తెరవగానే ఆగి ఉన్న బండ్లన్నీ ఒక్కసారి వదులుతారు, ఒకరినొకరు దాటాలని తొందరపడతారు. అరగంట ఆగి చాయ్ తాగి బయలుదేరితే రోడ్డు ఖాళీ అవుతుంది. దుప్పి ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉంటుంది, ఆగే ఉండండి. కోతులకు తిండి పెట్టేవాళ్ల వల్ల అవి మలుపుల్లోనే కూర్చుంటాయి. శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజుల్లో డ్యాం ముందు మలుపుల్లో కార్లు అడ్డంగా నిలిపి ఫొటోలు దిగుతుంటారు, ఆ వారాల్లో పోకపోవడమే మేలు.

ఏ రోడ్డయినా మొదటిసారి 40లో, పోనూ రానూ రెండు వైపులా చూసి, గుంతలు, తెగిన అంచులు, స్పీడ్ బ్రేకర్లు గుర్తుపెట్టుకోండి. మిత్రుల కార్లతో కలిసి పోతే ముందు కారును పట్టుకోవాలనే తొందర వస్తుంది. రెండు కార్ల మధ్య ఒక మలుపు దూరం ఉంచి, కలవాల్సిన చోటు ముందే అనుకోండి. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం.

కారు సత్తా మొత్తం చూడాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కి.మీ. ట్రాక్ ఉంది. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. సొంత కారుతో దిగే ట్రాక్ డేలు ఎప్పుడున్నాయో కనుక్కోండి. ఓపెన్ టాప్ కారును అనుమతిస్తారా అన్నది ముందే అడగాలి, కొన్నిచోట్ల అదనపు రోల్ బార్ (కారు బోల్తాపడితే తలను కాపాడే ఇనుప కమ్మీ) లేకుండా ఒప్పుకోరు. పోయేముందు బ్రేక్ ఆయిల్ కొత్తది వేయించి, ప్యాడ్లు కనీసం సగం ఉండేట్టు చూసుకొని, వీల్ బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించుకోండి. అక్కడ నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పాక ఒక ల్యాపు బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా తిప్పి పిట్‌లోకి రావాలి. వేడి డిస్కులకు ప్యాడ్లు అతుక్కోకుండా హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పార్క్‌లో పెట్టి, చక్రాల కింద దిమ్మ పెట్టి నిలపండి.